పాత పేజ్‌మేకర్ ఫైళ్ల కోసం 2005 నాటి లాప్‌టాప్‌లో విండోస్ 98

విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల సందుల్లోని చిన్న ప్రెస్సుల్లో 1990ల చివరి నుంచి అచ్చయిన పుస్తకాలకూ, కరపత్రాలకూ, శుభలేఖలకూ మూలప్రతులు చాలావరకు, పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ అయిన పేజ్‌మేకర్‌లో చేసిన ఫైళ్లుగానే మిగిలాయి. ఆ ఫైళ్లను తెరవాలంటే పేజ్‌మేకర్ ఒక్కటి ఉంటే చాలదు. అప్పటి తెలుగు లిపి సాఫ్ట్‌వేర్ ఉండాలి, అదే వెర్షన్‌కు చెందిన ఫాంట్లు ఉండాలి, సాఫ్ట్‌వేర్‌ను ఎవరూ నకలు చేసుకోకుండా దానితోపాటు ఇచ్చిన హార్డ్‌వేర్ లాక్ ఉండాలి, ఆ లాక్‌ను తగిలించడానికి 25 పిన్నుల ప్యారలల్ పోర్టు ఉన్న కంప్యూటర్ ఉండాలి, వీటన్నిటికీ అడుగున విండోస్ 98 నడుస్తూ ఉండాలి. మా మేనమామగారి ప్రెస్సులో ఇవన్నీ ఒకచోట కుదిరిన కంప్యూటర్లు రెండే ఉండేవి. ఒకటి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు వాన నీటిలో తడిసి పోయింది. రెండోది ఆ తర్వాత చాలాకాలం పనిచేసి, మదర్‌బోర్డు మీది కెపాసిటర్లు ఉబ్బిపోవడంతో ఆగిపోయింది. హార్డ్ డిస్క్ బతికే ఉంది, లాక్ బతికే ఉంది, విండోస్ 98 అసలు సీడీ, దాని లైసెన్సు కాగితం కూడా బీరువాలో భద్రంగా ఉన్నాయి. వాటిని నడిపే యంత్రమే లేకుండా పోయింది.

ఆ డిస్క్‌లో ఏముందో చెబితే గాని ఈ శ్రమ ఎందుకో అర్థం కాదు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఏటా వేసిన కరపత్రాలు, చుట్టుపక్కల గ్రామాల ఆలయాల స్థలపురాణాలు, హరికథా గానానికి రాసుకున్న చిన్న పుస్తకాలు, ఉద్యోగ విరమణ చేసిన ఒక తెలుగు మాస్టారు తన ఖర్చుతో వేయించుకున్న శతకం అందులో ఉన్నాయి. ఇలాంటి పుస్తకాలు కొద్ది ప్రతులే అచ్చవుతాయి. బంధుమిత్రులకు పంచిపెట్టాక ఏ గ్రంథాలయంలోనూ కనిపించవు. రచయిత చేతిరాత ప్రతి ప్రూఫులు దిద్దడం పూర్తికాగానే ప్రెస్సులోనే చిత్తుకాగితాల్లో కలిసిపోతుంది. అందువల్ల చాలా రచనలకు ఇప్పుడు మిగిలిన ఆధారం ఆ ఫైలే. "ఈ లాక్ పోయిందంటే మన పుస్తకాలన్నీ పోయినట్టేరా" అని మావయ్య అనేవారు. ఆయన ట్రెడిల్ మెషిన్ దగ్గర సీసపు అక్షరాలు పేర్చిన రోజుల నుంచి కంప్యూటర్ మీద పేజీలు కూర్చే డీటీపీ దాకా ఆ పని చేసిన మనిషి కాబట్టి ఆ మాటలోని బరువు నాకు తెలుసు.

సమస్యకు మొదట తోచే పరిష్కారం విండోస్ ఎక్స్‌పీ. 2001 అక్టోబరులో వచ్చిన ఎక్స్‌పీ ఉన్న పాత యంత్రాలు ఇప్పటికీ సులభంగానే దొరుకుతాయి. కానీ మావయ్య దగ్గరున్న లిపి సాఫ్ట్‌వేర్ ఎక్స్‌పీ కన్నా ముందుది. విండోస్ 98లో మామూలు ప్రోగ్రాము కూడా ప్యారలల్ పోర్టుతో నేరుగా మాట్లాడగలదు. విండోస్ ఎన్‌టీ వంశానికి చెందిన ఎక్స్‌పీలో అలాంటి ప్రయత్నాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అడ్డుకుంటుంది; సిస్టమ్ లోపలి భాగమైన కెర్నల్ స్థాయిలో పనిచేసే ప్రత్యేక డ్రైవర్ ఉంటేనే పోర్టు అందుతుంది. ఆ సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన డ్రైవర్ 98 కోసం రాసిన వీఎక్స్‌డీ రకానిది మాత్రమే. రెండో దారి ఎమ్యులేటర్. 86బాక్స్, పీసీఈఎం వంటివి పాత కంప్యూటర్ మొత్తాన్ని సాఫ్ట్‌వేర్‌లో చూపించి విండోస్ 98ను చక్కగా నడుపుతాయి. లాక్ లేని పనులకు నేను వాటినే వాడతాను. లాక్ మాత్రం నిజమైన వస్తువు, అది నిజమైన పోర్టులోనే కూర్చోవాలి. యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కు మార్చే తీగలు బజారులో దొరుకుతాయి గాని, అవి కంప్యూటర్‌కు యూఎస్‌బీ ప్రింటర్‌లా కనిపిస్తాయి. లాక్ ప్రోగ్రాము వెతికేది 378 హెక్సా (పదహారు ఆధారంగా లెక్కపెట్టే సంఖ్య) అనే పాత పోర్టు చిరునామాను. ఆ చిరునామా ఆ తీగలో లేదు. ఇంతకుముందు ఇలాంటి తీగలు కొని డబ్బు పోగొట్టుకున్న డీటీపీవాళ్లు మన జిల్లాలో చాలామందే ఉన్నారు, అందుకే ఈ సంగతి వివరంగా రాశాను.

కాబట్టి నిజమైన ప్యారలల్ పోర్టు ఉన్న యంత్రమే కావాలి. విండోస్ 98 కాలపు డెస్క్‌టాప్‌లు ఇప్పుడు దొరికినా వాటి పవర్ సప్లైలనూ బోర్డులనూ నమ్మడం కష్టం. ప్రెస్సులో స్థలమూ తక్కువే, కరెంటు పోతే పని మధ్యలో ఆగిపోతుంది. ఇవన్నీ ఆలోచించి లాప్‌టాప్ వైపు మొగ్గాను. డెల్ లాటిట్యూడ్ డి610 అనే నమూనాను ఎంచుకున్నాను. ఇది 2005లో వచ్చింది. ఇంటెల్ పెంటియం ఎం ప్రాసెసర్, 915 తరానికి చెందిన చిప్‌సెట్, రెండు జీబీల వరకు డీడీఆర్2 మెమరీ, పాత పద్ధతి ఐడీఈ డిస్క్, వెనుక వైపున ప్యారలల్ పోర్టూ సీరియల్ పోర్టూ రెండూ ఉన్నాయి. దీని తర్వాతి తరాల లాప్‌టాప్‌లలో ప్యారలల్ పోర్టు పోయింది, డిస్క్‌ను కలిపే పద్ధతి సాటాకు మారింది, ఆ పైన యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతి వచ్చి, యంత్రం ఆన్ కాగానే మొదట నడిచే బయాస్ అనే పాత పద్ధతిని క్రమంగా తోసేసింది. అటు పాత పోర్టులు, ఇటు పెన్ డ్రైవ్ పెట్టుకునే వీలు రెండూ ఉన్న చివరి లాప్‌టాప్‌లలో ఇది ఒకటి. పాత సిస్టమ్‌లు వేయాలనుకునేవారు 2003 నుంచి 2005 మధ్య వచ్చిన లాప్‌టాప్‌ల కోసమే వెతకడం మంచిదని నా అభిప్రాయం.

అయితే ఈ లాప్‌టాప్‌కు విండోస్ 98 మద్దతు లేదు. మైక్రోసాఫ్ట్ విండోస్ 98కు మద్దతు ఆపింది 2006 జులై 11న. అంటే ఈ యంత్రం అమ్మకానికి వచ్చేనాటికి 98 ఇంకా అధికారికంగా బతికే ఉంది. అయినా 915 తరం గ్రాఫిక్స్‌కు ఇంటెల్ 98 డ్రైవర్ విడుదల చేయలేదు. ఆ వరుస అంతకుముందు తరంతోనే ఆగింది. మద్దతు లేదనే మాటను చాలామంది 'వేయడం సాధ్యం కాదు' అని అర్థం చేసుకుంటారు. నిజానికి ఆ యంత్రం మీద ఎవరూ పరీక్షించలేదనీ, కొన్ని భాగాలకు డ్రైవర్ రాయలేదనీ మాత్రమే దాని అర్థం. ప్రాసెసర్ అదే ఎక్స్86 భాష మాట్లాడుతుంది, బయాస్ అదే పాత పద్ధతిలో డిస్క్‌ను అందిస్తుంది, కీబోర్డు పాత పీఎస్/2 కీబోర్డులాగే కనిపిస్తుంది. అడ్డం వచ్చేవి లెక్కపెట్టగలిగినన్ని విషయాలు. ప్రతి అడ్డంకికీ ఒక కచ్చితమైన కారణం ఉంటుంది, కారణం తెలిస్తే దాదాపు ప్రతిదానికీ ఒక విరుగుడు ఉంటుంది.

డిస్క్‌తో మొదలుపెట్టాను. లాప్‌టాప్‌తో వచ్చిన హార్డ్ డిస్క్‌ను పక్కనపెట్టి, 44 పిన్నుల అడాప్టర్ మీద 16 జీబీ కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు అమర్చాను. కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు లోపల మాట్లాడేది ఐడీఈ భాషే. అందువల్ల మధ్యలో ఎలాంటి మార్పిడీ లేకుండా అడాప్టర్ పిన్నులను కలిపితే చాలు, బయాస్ దాన్ని హార్డ్ డిస్క్‌గానే చూస్తుంది. కొన్ని మామూలు కార్డులు తమను తొలగించదగిన డిస్క్‌గా ప్రకటించుకుంటాయి. పరిశ్రమల వాడకానికి చేసిన కార్డులు స్థిరమైన డిస్క్‌గా ప్రకటించుకుంటాయి. రెండో రకం కొనడం క్షేమం. పరిమాణం విషయంలో కూడా అత్యాశ వద్దు. విండోస్ 98తో వచ్చిన, డిస్క్‌ను విభాగాలుగా చేసే ఎఫ్‌డిస్క్ ప్రోగ్రాము 64 జీబీలు దాటిన డిస్క్‌కు తప్పు పరిమాణం చూపిస్తుంది. దాని ఐడీఈ డ్రైవర్ 28 బిట్ల చిరునామాలనే వాడుతుంది కాబట్టి 137 జీబీలు దాటిన చోట రాత మొదలైతే డేటా చెడిపోతుంది. ప్యాచ్‌లు ఉన్నాయి గాని, ఒక ప్రెస్సు జీవితకాలపు పేజ్‌మేకర్ ఫైళ్లన్నీ కలిపినా 16 జీబీల్లో ఒక మూలకు సరిపోతాయి.

కార్డు వాడడంలో అసలు లాభం వేరే ఉంది. విండోస్ 98కు, దాని సవరించిన కూర్పు సెకండ్ ఎడిషన్‌కు కూడా, పెన్ డ్రైవ్‌లన్నిటినీ గుర్తించే సాధారణ డ్రైవర్ లేదు; అప్పట్లో ఒక్కొక్క పెన్ డ్రైవ్‌కు దాని సొంత డ్రైవర్ సీడీ వచ్చేది. దీనికి ఔత్సాహికులు తయారుచేసిన ఎన్‌యూఎస్‌బీ అనే ప్యాకేజీ ఉంది, అది బాగా పనిచేస్తుంది. కానీ ఆ ప్యాకేజీని ముందు లాప్‌టాప్‌లోకి ఎక్కించాలి కదా. కార్డును బయటికి తీసి, ఇంట్లోని లినక్స్ కంప్యూటర్‌కు కార్డ్ రీడర్‌తో తగిలిస్తే ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన విభాగం నేరుగా తెరుచుకుంటుంది. డ్రైవర్లు, సాఫ్ట్‌వేర్, ప్రెస్సు పాత డిస్క్ నుంచి తీసిన ఫైళ్లు అన్నీ ఆ దారినే ఎక్కించాను. మావయ్య సీడీ మీద కొన్నిచోట్ల బూజు మచ్చలు ఉన్నాయి. మన సముద్రతీరపు గాలిలో తేమకు అది మామూలే. సీడీ డ్రైవ్ మీద భారం వేయకుండా, మెత్తటి గుడ్డతో తుడిచి ఇంట్లోనే జాగ్రత్తగా చదివించి, అందులోని విన్98 ఫోల్డర్ మొత్తాన్ని కార్డులోకి కాపీ చేశాను. తర్వాత ఏ డ్రైవర్ వేసినా విండోస్ "సీడీ పెట్టండి" అని అడిగే క్యాబ్ ఫైళ్లు ఆ ఫోల్డర్‌లోనే ఉంటాయి కాబట్టి మళ్లీ సీడీ వెతుక్కునే పని ఉండదు.

ఇక సెటప్. బూట్ సీడీతో డాస్‌లోకి వెళ్లి, ఎఫ్‌డిస్క్‌తో విభాగం చేసి, ఫార్మాట్ చేసి, సిస్టమ్ ఫైళ్లు ఎక్కించడం పాతవారందరికీ తెలిసిన తంతే. ఒక్క మాట మాత్రం చెప్పాలి: సెటప్ నడిపే ముందు, డిస్క్ డేటాను మెమరీలో దాచి పని వేగం పెంచే స్మార్ట్‌డ్రైవ్ ఎక్కించకపోతే ఫైళ్లు కాపీ కావడానికి విసుగు పుట్టేంత సమయం పడుతుంది. ఎక్కిస్తే ఆ దశ తొందరగా అయిపోతుంది. సెటప్‌ను మామూలుగా కాక, కరెంటు వాడకాన్ని నియంత్రించే ఏసీపీఐ పద్ధతిని వదిలి పాత పద్ధతిలో హార్డ్‌వేర్‌ను గుర్తించే స్విచ్ చేర్చి నడిపాను. విండోస్ 98 కాలానికి ఏసీపీఐ ఇంకా కొత్త, ఈ లాప్‌టాప్ బయాస్‌లోని ఏసీపీఐ చాలా తర్వాతిది. ఆ రెంటికీ పొత్తు కుదర్చడం కన్నా దాన్ని పక్కన పెట్టడమే తేలిక. దానివల్ల మూత వేస్తే నిద్రలోకి వెళ్లే సదుపాయం పోతుంది. ప్రెస్సులో బల్ల మీద ఉండే యంత్రానికి అది నష్టం కాదు.

ఫైళ్ల కాపీ పూర్తై యంత్రం తనంతట తాను రీస్టార్ట్ అయినప్పుడు అసలు అడ్డంకి ఎదురవుతుంది. నల్లటి తెర మీద, విండోస్‌ను ప్రారంభించడానికి తగినంత మెమరీ లేదని ఒక వాక్యం వస్తుంది. లోపల ఉన్నది రెండు జీబీలు. విండోస్ 98 కనీస అవసరం 16 ఎంబీ. చూసేవారికి ఇది అర్థంలేని మాటలా అనిపిస్తుంది గాని, కారణం తెలిస్తే ఆ వాక్యం అక్షరాలా నిజం. విండోస్ 98లో డిస్క్ ఫైళ్లను మెమరీలో దాచి ఉంచే వీక్యాష్ అనే భాగం ఉంది. అది బూట్ అయ్యేటప్పుడే మొత్తం మెమరీ ఎంతుందో చూసి, తాను ఎంత పెద్దదిగా పెరగవచ్చో లెక్కవేసుకుని, అంత పరిమాణానికి చిరునామాలను ముందుగానే తన పేరిట రాయించుకుంటుంది. ఆ చిరునామాలు వచ్చేది విండోస్ తన సొంత వాడకానికి ఉంచుకున్న ప్రాంతం నుంచి. 4 జీబీల చిరునామా స్థలంలో 3 నుంచి 4 జీబీల మధ్య ఉన్న ఆ ప్రాంతం ఒక్క జీబీయే. గ్రాఫిక్స్ కూడా అందులోనే చోటు అడుగుతుంది, డాస్ విండో తెరవాలన్నా అందులోనే చోటు కావాలి. ఊరికి దగ్గర పొలం అంతా ఒక్కరే కౌలుకు తీసుకుని కూర్చుంటే మిగిలినవారికి నారుమడికైనా చోటు మిగలనట్టు, మెమరీ ఎక్కువయ్యేకొద్దీ వీక్యాష్ ఆ జీబీ అంతా పట్టేసుకుంటుంది. లేనిది మెమరీ కాదు, దానికి ఇవ్వవలసిన చిరునామాలు. ఆ రెండింటినీ కలిపి ఒకే వాక్యంలో చెప్పడం వల్ల ఈ గందరగోళం.

విరుగుడు రెండు వాక్యాల పని. బూట్ అయ్యేటప్పుడు ఎఫ్8 నొక్కి, కమాండ్ ప్రాంప్ట్ మాత్రమే తెరిచి, ఎడిట్ ప్రోగ్రాముతో విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్ డాట్ ఐఎన్‌ఐ ఫైలు తెరవాలి. వీక్యాష్ అనే శీర్షిక కింద 'మ్యాక్స్‌ఫైల్‌క్యాష్' అనే పేరుతో ఒక పరిమితి రాయాలి. దాని విలువ కిలోబైట్లలో ఉంటుంది. నేను 262144 అని రాశాను, అంటే 256 ఎంబీ. తర్వాత 386 ఎన్‌హాన్స్‌డ్ శీర్షిక కింద 'మ్యాక్స్‌ఫిజ్‌పేజ్' అని రాసి 20000 అనే విలువ ఇచ్చాను. ఇది హెక్సా సంఖ్య, ఒక్కొక్క పేజీ 4 కేబీ. 20000 హెక్సా అంటే 1,31,072 పేజీలు, మొత్తం 512 ఎంబీ. విండోస్ ఇక ఆ పైనున్న మెమరీని కన్నెత్తి చూడదు. 30000 అని రాస్తే 768 ఎంబీ, 40000 అని రాస్తే ఒక జీబీ వాడుకోవడానికి ప్రయత్నిస్తుంది. పెంచేకొద్దీ నిలకడ తగ్గుతుంది. రెండు జీబీలనూ వాడించే ప్యాచ్‌లు కూడా ఉన్నాయి. కానీ పేజ్‌మేకర్ 6.5 వెలువడినది 1996లో, 32 ఎంబీ ఉన్న కంప్యూటర్ బాగున్నదని అనుకునే రోజుల్లో. దానికి 512 ఎంబీ కావలసినదానికన్నా చాలా ఎక్కువ. మెమరీ సంఖ్య పెద్దదిగా కనబడాలనే కోరికతో నిలకడను పణంగా పెట్టడం నాకు ఇష్టం లేదు. విడి 512 ఎంబీ ర్యామ్ ముక్క దొరికితే రెండు జీబీలు తీసి అది పెట్టడం ఇంకా సులభం, ఈ ఫైలును ముట్టుకోనక్కరలేదు.

ఆ రెండు వరుసలు చేర్చి సేవ్ చేసి రీస్టార్ట్ చేస్తే సెటప్ ఆగిన చోటు నుంచి ముందుకు సాగింది. ఈ యంత్రం ప్రాసెసర్ వేగం 1.73 గిగాహెర్ట్జ్. 98 బదులు 95 వేయాలనుకునేవారు ఇక్కడ ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. విండోస్ 95లో కొన్ని భాగాలు బూట్ అయ్యేటప్పుడు ఒక చిన్న లూప్‌ను తిప్పి, దానికి పట్టిన సమయంతో భాగించి ప్రాసెసర్ వేగం లెక్కకడతాయి. ప్రాసెసర్ మరీ వేగమైతే ఆ సమయం సున్నాగా లెక్కకు వచ్చి, సున్నాతో భాగించవలసి వచ్చి, విండోస్ ప్రొటెక్షన్ ఎర్రర్‌తో అక్కడే ఆగిపోతుంది. 2.1 గిగాహెర్ట్జ్ దాటిన ప్రాసెసర్ల మీద నెట్‌వర్క్ భాగం దగ్గర ఇది ఎదురవుతుందని మైక్రోసాఫ్టే ప్రకటించింది. ప్యాచ్ వేస్తే పోతుంది.

డెస్క్‌టాప్ వచ్చింది గాని 640×480 పరిమాణంలో, 16 రంగుల్లో వచ్చింది. గ్రాఫిక్స్ డ్రైవర్ లేదు కాబట్టి విండోస్ ప్రామాణిక వీజీఏతో సరిపెట్టుకుంది. ఆ తెర మీద పేజ్‌మేకర్ తెరిస్తే టూల్ బాక్స్ పోగా పేజీలో పావు వంతు కూడా కనిపించదు. దీనికి వీబీఈఎంపీ అనే డ్రైవర్ ఉంది. ఆ కాలపు ఏ కంపెనీ గ్రాఫిక్స్ చిప్ అయినా దాని వీడియో బయాస్‌లో వెసా (VESA) అనే ప్రామాణిక పద్ధతి ఉంటుంది. ఈ డ్రైవర్ చిప్‌తో నేరుగా కాకుండా ఆ పద్ధతి ద్వారా మాట్లాడి 1024×768 పరిమాణాన్నీ 32 బిట్ల రంగులనూ తెప్పిస్తుంది. చిప్‌లోని వేగవర్ధక భాగాలను అది వాడుకోదు, గీయవలసినదంతా ప్రాసెసరే గీస్తుంది. పెద్ద పేజీని పైకీ కిందికీ జరిపితే తెర మళ్లీ గీయబడడం కంటికి ఆనుతుంది. త్రీడీ ఆటలకు ఇది పనికిరాదు. అక్షరాలు దిద్దుకోవడానికి హాయిగా సరిపోతుంది.

శబ్దం, వైఫై సంగతులు పట్టించుకోలేదు. అసలు ఈ యంత్రాన్ని ఇంటర్నెట్‌కు కలపకూడదు. భద్రతా సవరణలు ఆగిపోయి ఇన్నేళ్లయిన సిస్టమ్‌ను నెట్‌కు తగిలించడంలో లాభం ఏమీ లేదు, ఇప్పటి వెబ్‌సైట్లను దాని బ్రౌజర్ తెరవనూ లేదు.

తర్వాత లాక్. అరచేతిలో ఇమిడే లేతరంగు ప్లాస్టిక్ పెట్టె, ఒక వైపు మగ పిన్నులు, రెండో వైపు ప్రింటర్ తీగ తగిలించుకునే ఆడ కనెక్టర్. పిన్నుల మీద నల్లటి పొర కట్టి ఉంటే మెత్తటి రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. లోపల జరిగేది ఇది: ప్రోగ్రాము పోర్టు డేటా తీగల మీద ఒక రహస్య వరుసను పంపుతుంది, లాక్ దానికి తగిన జవాబును స్టేటస్ తీగల మీద తిరిగి పంపుతుంది. జవాబు సరిపోతేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. లాక్‌కు విడిగా కరెంటు ఉండదు, ఆ తీగల మీది సంకేతాల నుంచే తీసుకుంటుంది. అందుకే దాని వెనుక ప్రింటర్ తగిలించి ప్రింటర్‌ను ఆపి ఉంచితే సంకేతాలు బలహీనపడి లాక్ పలకకపోవచ్చు. లాప్‌టాప్ బయాస్‌లో ప్యారలల్ పోర్టు ఈసీపీ పద్ధతిలో ఉంది. అది డీఎంఏను, అంటే ప్రాసెసర్ జోక్యం లేకుండా మెమరీతో డేటా మార్చుకోవడాన్ని, వాడే కొత్త పద్ధతి. లాక్ పుట్టినది అంతకన్నా సాదా పద్ధతుల రోజుల్లో. పోర్టును సాదా ఏటీ పద్ధతికి మార్చి, చిరునామా 378గా ఉందని చూసుకుని, లిపి సాఫ్ట్‌వేర్‌ను తెరిచాను. మావయ్య నా వెనుకే నిలబడి ఉన్నారు. "ఏట్రా, వచ్చిందా?" అని ఆయన అడుగుతుండగానే గడియారం పక్కన తెలుగు కీబోర్డు గుర్తు కనిపించింది. ఆయన నన్ను లేపి, కుర్చీలో కూర్చుని, యాపిల్ అనే తెలుగు కీబోర్డు పద్ధతిలో అలవాటైన వేళ్లతో ప్రెస్సు పేరు టైపు చేశారు.

ఫాంట్ల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇంత చేసి ఇక్కడ పొరపడితే పాఠం తప్పుల తడకగా వస్తుంది. ఆ కాలపు తెలుగు ఫాంట్లు, ప్రతి తెలుగు అక్షరానికీ గుర్తుకూ సొంత సంఖ్య ఉండే యూనికోడ్ పద్ధతివి కావు. ఇంగ్లిషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన 256 స్థానాల్లో తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తులు ముక్కలుగా కూర్చి ఉంటాయి. ఫైలులో నిజంగా నిలిచి ఉండేది ఆ ముక్కల సంఖ్యలే. అందువల్ల ఫాంటు లేకుండా తెరిస్తే ఇంగ్లిషు అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. అంతకన్నా ప్రమాదం, అదే పేరుతో ఉన్న తర్వాతి వెర్షన్ ఫాంటుతో తెరవడం. తొంభై పాళ్లు సరిగ్గా కనిపించి, ఎక్కడో ఒక వత్తు మాత్రం మరో వత్తుగా మారిపోయి ఉంటుంది. మాస్టారి శతకంలో అరసున్నలూ శకటరేఫలూ ఉన్నాయి, ఇలాంటి అరుదైన గుర్తులే వెర్షన్ మారినప్పుడు ముందుగా దెబ్బతింటాయి. అందుకని ఫాంట్లన్నీ ప్రెస్సు పాత డిస్క్ నుంచే తీసుకున్నాను, మరెక్కడివీ కలపలేదు. ఫాంట్లు కుప్పలుగా ఎక్కించకూడదనే నియమం కూడా విండోస్ 98కు ఉంది: ఫాంట్ల జాబితా రిజిస్ట్రీలో 64 కేబీల హద్దుకు లోబడి ఉండాలి కాబట్టి సుమారు వెయ్యి దాటితే కొన్ని కనిపించకుండా పోతాయి. డీటీపీ కంప్యూటర్లలో ఉన్నట్టుండి ఫాంట్లు మాయమయ్యేవని పాత ఆపరేటర్లు చెప్పుకునే కథల వెనుక చాలాసార్లు ఉన్నది ఈ హద్దే.

ఫైళ్లు తెరుచుకోవడం ఒక ఎత్తు, వాటిని ఈ యంత్రం నుంచి బయటపడేయడం మరో ఎత్తు. లాక్ ఎప్పటికీ ఉండదు, కాబట్టి దాని అవసరం లేని రూపంలోకి ప్రతి పుస్తకమూ మారాలి. రెండు రూపాల్లో తీస్తున్నాను. మొదటిది పేజీ ఎలా అచ్చయిందో అలాగే నిలిపే పీడీఎఫ్. అడోబ్ పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ డ్రైవర్ వేసి, ప్రింటర్ బదులు ఫైలులోకి ప్రింట్ చేసి, ఫాంట్లు ఆ ఫైలులోనే ఇమిడేలా అమర్చి, కార్డును లినక్స్ కంప్యూటర్‌కు తగిలించి గోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రాముతో పీడీఎఫ్‌గా మారుస్తాను. దానిలో అక్షరాల ఆకారాలు యథాతథంగా ఉంటాయి, అప్పట్లో ట్రేసింగ్ కాగితం మీద తీసి ప్లేటుకు పంపిన పేజీకీ దీనికీ తేడా ఉండదు. రెండోది పాఠం. పేజ్‌మేకర్ నుంచి పాఠాన్ని ఎగుమతి చేసి, ముక్కల సంఖ్యలను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేస్తే వెతకడానికీ మళ్లీ అచ్చు వేయడానికీ వీలైన తెలుగు వస్తుంది. కన్వర్టర్లు సంయుక్తాక్షరాల దగ్గర తడబడతాయి, ముఖ్యంగా రెండు వత్తులు వచ్చే చోట. అందుకే ప్రతి పేజీనీ పీడీఎఫ్ పక్కన పెట్టుకుని చదవవలసిందే. ఈ పని మావయ్య తాను చేస్తానన్నారు. ప్రూఫులు దిద్దిన కన్ను ఆయనది, ఆ కంటికి దొరకని వత్తు నాకు ఎలాగూ దొరకదు.

సిస్టమ్ అంతా కుదిరాక కార్డు మొత్తాన్ని ఒకే ఇమేజ్ ఫైలుగా తీసి రెండు చోట్ల దాచాను, అదే ఇమేజ్‌ను మరో కార్డు మీదికి ఎక్కించి ప్రెస్సులో ఉంచాను. ఉన్న కార్డు పాడైతే పాత దాన్ని లాగి కొత్తది దోపితే చాలు, పైన చెప్పినదేదీ మళ్లీ చేయనక్కరలేదు. ఇంకో చిన్న కార్డు మీద 1994 నాటి ఎంఎస్ డాస్ 6.22 కూడా వేసి చూశాను. డాస్ అన్ని పనులకూ బయాస్ మీదే ఆధారపడుతుంది కాబట్టి అది ఈ లాప్‌టాప్ మీద ఏ ప్యాచ్ అవసరం లేకుండానే లేచింది. ఎఫ్‌ఏటీ16 కారణంగా ఒక్కో విభాగం రెండు జీబీలు దాటకూడదన్నదొక్కటే షరతు.

ఆ డాస్ కార్డు వేయడానికి కారణం ఉంది. మావయ్య బీరువా అడుగు అరలో విండోస్ 98కు ముందు కాలపు ఫ్లాపీల పెట్టె ఒకటి ఉంది, వాటి మీద పెన్సిల్‌తో రాసిన ఊళ్ల పేర్లు తప్ప లోపల ఏముందో ఆయనకూ పూర్తిగా గుర్తులేదు. ఈ లాప్‌టాప్ పక్కనున్న మాడ్యూల్ బేలో సీడీ డ్రైవ్ తీసి ఫ్లాపీ డ్రైవ్ పెట్టుకోవచ్చు. పనిచేసే ఫ్లాపీ డ్రైవ్ కోసం విశాఖపట్నంలోని పాత సామాను దుకాణాల్లో చెప్పి ఉంచాను. అది వచ్చేలోగా శతకం పీడీఎఫ్ పూర్తయింది, స్థలపురాణాలు సగం దాకా వచ్చాయి, సిరిమానోత్సవం కరపత్రాలు ఇంకా మొదలుపెట్టాలి.